డిగ్రీ అనంతపురంది, కాపురం బెంగళూరులో, మరి అపోస్టిల్ ఎక్కడ?

మారతహళ్లిలోనో బెళ్లందూరులోనో ఉంటున్న తెలుగు ఇంటికి బయటి దేశం నుంచి ఆఫర్ లెటర్ వచ్చాక కొన్ని రోజులకి ఇంకో మెయిల్ వస్తుంది, డిగ్రీ, మ్యారేజ్ సర్టిఫికెట్, పిల్లల బర్త్ సర్టిఫికెట్ అన్నీ అపోస్టిల్ చేయించి పంపండి, జాయినింగ్ ఆరు వారాల్లో అని. వెంటనే అందరూ అనుకునేది ఒకటే. బెంగళూరు ఇంత పెద్ద సిటీ, కోరమంగళలో పాస్‌పోర్ట్ ఆఫీసు ఉంది, ఎక్కడో ఒక చోట స్టాంపు వేయించేస్తే అయిపోతుంది కదా అని. స్టాంపు నిజంగానే ఇక్కడ పడుతుంది. కానీ అంతకంటే ముందు ఆ కాగితం తను పుట్టిన రాష్ట్రానికి వెళ్లి రావాలి, ఈ ఒక్క ముక్క ముందు తెలీకపోవడం వల్లే చాలా ఇళ్లల్లో సగం టైం ఉత్తినే పోతోంది.

ఇది ఎందుకు ఇలా ఉందో అర్థం కావాలంటే అపోస్టిల్ అసలు ఏం చెప్తుందో చూడాలి. ఒకప్పుడు ఒక దేశపు కాగితం ఇంకో దేశంలో చెల్లాలంటే లోకల్ ఆఫీసు, రాష్ట్రం, విదేశాంగ శాఖ, ఆ తర్వాత ఆ దేశపు ఎంబసీ, అలా మెట్టు తర్వాత మెట్టు ఎక్కాల్సి వచ్చేది. ఈ బాధ తగ్గించడానికే 1961 అక్టోబర్ 5న హేగ్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు, అందులో ఉన్న దేశాల మధ్య చివర్లో ఒకే ఒక్క సర్టిఫికెట్ చాలు, ఎంబసీకి వెళ్లక్కర్లేదు అని. ఆ సర్టిఫికెట్ పేరే అపోస్టిల్. మన దేశంలో ఇది 2005 జూలై 14 నుంచి అమల్లోకి వచ్చింది, ఇప్పుడు 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి.

సర్టిఫికెట్ వెనక వైపు అతికించే ఆ చదరపు స్టిక్కర్‌ని ఒకసారి నిదానంగా చదివితే సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి. పైన ఫ్రెంచ్‌లో ఒప్పందం పేరు ఉంటుంది, అది అన్ని దేశాల్లోనూ ఫ్రెంచ్‌లోనే ఉండాలని రూలు. కింద పది నంబర్లు. దేశం పేరు, ఈ కాగితం మీద సంతకం పెట్టింది ఎవరు, ఏ హోదాలో పెట్టారు, ఎవరి సీల్ ఉంది, ఎక్కడ, ఏ తేదీన, ఎవరు ధ్రువీకరించారు, నంబర్ ఎంత, ముద్ర, సంతకం, అంతే. ఆ పదింటిలో ఎక్కడా డిగ్రీ నిజమైనదే అనిగానీ, పుట్టిన తేదీ కరెక్టే అనిగానీ లేదు. అపోస్టిల్ సంతకానికి సాక్ష్యం చెప్తుంది, లోపల రాసిన విషయానికి కాదు. మన విదేశాంగ శాఖ కూడా ఇదే మాట ఓపెన్‌గా చెప్తుంది, మేము అధికారి సంతకం చూసి వేస్తాం, కాగితంలో ఉన్న విషయానికి మా బాధ్యత లేదు అని.

మిగతా రూల్స్ అన్నీ ఈ ఒక్క మాటలోంచే పుట్టాయి. ఢిల్లీలోనో కోరమంగళలోనో కూర్చున్న విదేశాంగ శాఖ అధికారికి నెల్లూరులో ఒక మున్సిపల్ ఆఫీసర్ సంతకం ఎలా ఉంటుందో తెలీదు కదా, తెలిసే అవకాశమే లేదు. తనకి తెలిసినవి రాష్ట్ర ప్రభుత్వాలు ముందే పంపి ఉంచిన కొందరు అధికారుల సంతకాలే. కాబట్టి నెల్లూరు సంతకం నిజమేనని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంలో ఒక అధికారి సంతకం పెట్టాలి, ఆ అధికారి సంతకం చూసి విదేశాంగ శాఖ స్టిక్కర్ వేస్తుంది, ఆ స్టిక్కర్ చూసి ఆమ్‌స్టర్‌డామ్‌లో మునిసిపాలిటీ ఒప్పుకుంటుంది. ప్రతి మెట్టు దాని కింద మెట్టుని మాత్రమే చూస్తుంది. కర్ణాటక ప్రభుత్వానికి నెల్లూరు ఆఫీసరు ఎవరో తెలీదు కాబట్టి కర్ణాటకలో ఆ పని అవ్వదు, బెంగళూరులో పదిహేనేళ్ల నుంచి ఉంటున్నా, ఆధార్‌లో అడ్రస్ ఇక్కడిదే అయినా సరే. చూసేది కాగితం అడ్రస్, మనిషి అడ్రస్ కాదు.

ఒక ఇల్లు ఊహించుకుందాం. భర్త బీటెక్ అనంతపురంలో, 2006లో పాస్ అయ్యాడు. భార్య డిగ్రీ తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ. పెళ్లి కడపలో, రిజిస్ట్రేషన్ కూడా అక్కడే. పాప పుట్టింది బెంగళూరులో. నాలుగు కాగితాలు, ఒకే కుటుంబం, కానీ పాప బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే కర్ణాటక ప్రభుత్వం దారిలో వెళ్తుంది, మిగతావి రాష్ట్రం దాటాల్సిందే. ఎస్వీయూ డిగ్రీ, కడప మ్యారేజ్ సర్టిఫికెట్ రెండూ ఆంధ్రకే, కానీ రెండూ ఒకే టేబుల్‌కి కాదు, చదువు కాగితాలు విద్యాశాఖ వైపు, పుట్టుక పెళ్లి లాంటివి హోం శాఖ లేదా జీఏడీ (సాధారణ పరిపాలన శాఖ) వైపు. వ్యాపార కాగితాలైతే ఛాంబర్ ఆఫ్ కామర్స్. ఏజెంట్లు హెచ్ఆర్‌డీ (అంటే చదువు కాగితాల) అటెస్టేషన్, హోం అటెస్టేషన్ అని విడివిడిగా రేట్లు చెప్పేది ఇందుకే.

ఇక ఆ 2006 బీటెక్. ఇది తెలుగువాళ్లకి మాత్రమే వచ్చే ప్రత్యేకమైన చిక్కు. 2008 దాకా జేఎన్‌టీయూ అంటే ఒకటే, హెడ్డాఫీసు హైదరాబాద్ కూకట్‌పల్లి, కాలేజీ కాకినాడలో ఉన్నా అనంతపురంలో ఉన్నా పట్టా మీద ఆ యూనివర్సిటీ పేరే. 2008లో దాన్ని హైదరాబాద్, కాకినాడ, అనంతపురం అని విడగొట్టారు. తర్వాత 2014 జూన్ 2న రాష్ట్రమే రెండైంది. అంటే చదివింది ఆంధ్రలో, పట్టా మీద పేరు హైదరాబాద్‌లో హెడ్డాఫీసు ఉన్న యూనివర్సిటీది, హైదరాబాద్ ఇప్పుడు తెలంగాణ. ఇలాంటి కేసులో కాలేజీ ఏ ఊళ్లో ఉంది అన్నది చూస్కోకూడదు, పట్టా కింద ఎవరి సంతకం, ఎవరి సీల్ ఉంది అన్నది చూస్కోవాలి, ఏ సచివాలయం కిందకి వస్తుందో కొరియర్ చెయ్యకముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. వెలగపూడికి పంపి, అక్కడ ఇది మాది కాదు అని తిప్పి పంపితే అది మళ్లీ బెంగళూరు వచ్చి హైదరాబాద్ వెళ్లేసరికి పదిహేను రోజులు గడిచిపోతాయి, పైగా అది ఒరిజినల్, అన్నిసార్లు కొరియర్‌లో తిప్పే వస్తువు కాదు.

రాష్ట్రం మెట్టు దగ్గర ఇంకో లోపలి మెట్టు ఉంటుంది, చాలా మంది దీన్ని లెక్కలో వేసుకోరు. చదువు కాగితాలకి చాలా చోట్ల ముందు యూనివర్సిటీ నుంచి జెన్యూనెస్ వెరిఫికేషన్ రావాలి, అంటే వాళ్ల రిజిస్టర్‌లో ఈ హాల్ టికెట్ నంబర్ మనిషి ఈ సంవత్సరం పాసయ్యాడా లేదా అని చూసి రాసివ్వాలి. పాత బ్యాచ్‌లైతే రికార్డ్ రూమ్‌లో వెతకాలి, ఎగ్జామ్ సీజన్ అయితే ఆ సెక్షన్‌లో మనుషులే దొరకరు. నిజానికి ఎక్కువ రోజులు తినేది ఇక్కడే. విదేశాంగ శాఖ మెట్టుకి వస్తే అపోస్టిల్ ఫీజు కాగితానికి 50 రూపాయలు, దాని మీద కొద్దిగా సర్వీస్ చార్జి, మామూలుగా కొన్ని పని దినాల్లో అయిపోయే పని. కాబట్టి ఏజెంటు వేలల్లో చెప్తే ఆ డబ్బు అపోస్టిల్‌కి కాదు, రాష్ట్రం మెట్టులో తిరగడానికి, అది తెలుసుకుని బేరం ఆడాలి.

2012 నుంచి విదేశాంగ శాఖ మనుషుల దగ్గర నేరుగా కాగితాలు తీసుకోవట్లేదు, వాళ్లు నియమించిన ఔట్‌సోర్స్ ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. 2019 నుంచి ఈ పని ఢిల్లీ ఒక్కచోటే కాకుండా బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ లాంటి సిటీల్లో కూడా చేస్తున్నారు. ఇక్కడ ఒక మంచి సంగతి ఏంటంటే, ఈ చివరి మెట్టుకి రాష్ట్రం పట్టింపు లేదు. ఆంధ్ర ప్రభుత్వం సంతకం పడ్డ కాగితాన్ని బెంగళూరులోనే ఇచ్చి అపోస్టిల్ తీసుకోవచ్చు. అందుకే శుక్రవారం రాత్రి మడివాల దగ్గర బస్సెక్కి ఊరెళ్లేటప్పుడే సర్టిఫికెట్లు పట్టుకెళ్లి, ఇంట్లో వాళ్లెవరికైనా అప్పజెప్పి రాష్ట్రం పని అక్కడ చేయించి, మిగతాది ఇక్కడ చూస్కునేవాళ్లు తెలివిగా చేస్తున్నట్టే. స్టిక్కర్ పడ్డాక దాని మీది నంబర్‌ని విదేశాంగ శాఖ వెరిఫికేషన్ పేజీలో కొట్టి చూడటం మాత్రం మర్చిపోకూడదు, నకిలీ స్టిక్కర్ అయితే ఆ సంగతి విదేశంలో కౌంటర్ దగ్గర తెలియడం కంటే ఇక్కడ తెలియడం చాలా నయం.

కొన్ని కాగితాలకి రాష్ట్రం మెట్టే ఉండదు. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ కేంద్రం ఇచ్చిందే కాబట్టి దానికి నేరుగా అపోస్టిల్ వేస్తారు. లోకల్ పోలీసు వాళ్లిచ్చేది వేరు, విదేశానికి సాధారణంగా అడిగేది పాస్‌పోర్ట్ ఆఫీసుదే. సీబీఎస్‌ఈలో చదివిన పిల్లలకి ఈ-సనద్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉంది, 2017లో సీబీఎస్‌ఈ సర్టిఫికెట్లతోనే మొదలైంది, బోర్డు తన డేటాబేస్‌లో చూసి ఆన్‌లైన్‌లోనే నిజమని చెప్తుంది కాబట్టి కాగితం ఊళ్లు తిరగక్కర్లేదు. అన్ని యూనివర్సిటీలూ ఇందులోకి పూర్తిగా వచ్చేస్తే ఇప్పుడు పడుతున్న తిరుగుడు చాలా వరకు పోతుంది, అసలు జరగాల్సింది అదే.

ఏజెంట్లు ఇంకో షార్ట్‌కట్ చెప్తారు, ఢిల్లీ ఎస్‌డీఎం రూట్ అని. అంటే సొంత రాష్ట్రం మెట్టు వదిలేసి, ఢిల్లీలో ఒక సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ సంతకం తీసుకుని దాని మీద అపోస్టిల్ వేయిస్తారు. విదేశాంగ శాఖ దీన్ని ఒప్పుకుంటుంది, ఇది దొంగ పని కాదు. కానీ కాగితం తీసుకునే అవతలి ఆఫీసు కొన్నిసార్లు సొంత రాష్ట్ర ప్రభుత్వం సంతకమే కావాలంటుంది, అప్పుడు మొత్తం మళ్లీ మొదటికి. అవతలివాళ్ల దగ్గర మెయిల్‌లో రాయించుకున్నాకే ఆ రూట్ పట్టాలి.

గల్ఫ్ సంగతి వేరే లెక్క. యూఏఈ, కువైట్, ఖతార్ చాలా ఏళ్లుగా ఈ హేగ్ ఒప్పందం బయటే ఉన్నాయి, అక్కడికి పాత పద్ధతే నడుస్తోంది, రాష్ట్రం, విదేశాంగ శాఖ అటెస్టేషన్, తర్వాత ఆ దేశపు ఎంబసీ లేదా కాన్సులేట్ స్టాంపు, దుబాయ్ అయితే అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ స్టాంపు కూడా. ఎంబసీ ఫీజులు ఎక్కువ, అందుకే గల్ఫ్ ఖర్చు యూరప్ ఖర్చు కంటే చాలా పైన ఉంటుంది. ఒమన్, బహ్రెయిన్ ముందు నుంచే ఒప్పందంలో ఉన్నాయి, సౌదీకి 2022 డిసెంబర్ 7 నుంచి అపోస్టిల్ చెల్లుతోంది, కెనడాలో 2024 జనవరి 11 నుంచి అమల్లోకి వచ్చింది. అన్నయ్య అప్పుడెప్పుడో సౌదీ వెళ్లినప్పుడు ఎంబసీ చుట్టూ తిరిగాడు కదా అని ఇప్పుడు తమ్ముడు కూడా అదే దారి పట్టుకుంటే అనవసర ఖర్చు.

జర్మనీ ఇంకా విచిత్రం. ఆ దేశమూ ఒప్పందంలో ఉంది, మనమూ ఉన్నాం, కానీ మనం చేరినప్పుడు జర్మనీ అభ్యంతరం చెప్పింది కాబట్టి ఈ రెండు దేశాల మధ్య అపోస్టిల్ నడవదు. లిస్టులో జర్మనీ పేరు చూసి డబ్బు కట్టేసి అపోస్టిల్ వేయించుకున్నవాళ్లకి అక్కడ దానివల్ల లాభం ఏమీ ఉండదు. చదువుకోడానికి వెళ్లేవాళ్లకి 2022 నవంబర్ 1 నుంచి ఏపీఎస్ (చదువు పత్రాలు పరిశీలించే జర్మన్ కేంద్రం) సర్టిఫికెట్ తప్పనిసరి చేశారు, అది అపోస్టిల్ కాదు, సంతకం కాకుండా అసలు చదువునే పరిశీలించే పద్ధతి.

అమెరికా వెళ్లేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవాలి, ఎందుకంటే అనవసరంగా ఎక్కువ డబ్బు వదిలేది ఇక్కడే. అమెరికా ఇమ్మిగ్రేషన్ అప్లికేషన్లకి ఇండియా బర్త్ సర్టిఫికెట్‌కో మ్యారేజ్ సర్టిఫికెట్‌కో అపోస్టిల్ అడగరు. కాగితం ఇంగ్లిష్‌లో లేకపోతే సమర్థుడైన అనువాదకుడు ఇది సరైన అనువాదం అని రాసి సంతకం పెట్టిన ఇంగ్లిష్ కాపీ చాలు. అలాగే డిగ్రీ మూల్యాంకనం చేసే సంస్థలు అడిగేది యూనివర్సిటీ సీల్ వేసిన కవర్‌లో పంపే ట్రాన్స్‌క్రిప్టులు, వాటికీ అపోస్టిల్‌కీ సంబంధం లేదు. అటెస్టేషన్, అపోస్టిల్, ట్రూ కాపీ, ట్రాన్స్‌క్రిప్ట్ వెరిఫికేషన్ ఇవన్నీ వేరు వేరు వస్తువులు, అన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడే ఏజెంట్ దగ్గర ఆగి ఆలోచించాలి. మొదటి రోజు చెయ్యాల్సిన పని ఏజెంట్‌కి ఫోన్ చెయ్యడం కాదు, కాగితం అడిగిన ఆఫీసుకి మెయిల్ పెట్టి ఒరిజినల్ మీద కావాలా నోటరీ కాపీ మీద చాలా, ఎన్ని నెలల లోపు తీసుకున్న సర్టిఫికెట్ అయ్యుండాలి, ట్రాన్స్‌లేషన్ ఎవరు చెయ్యాలి అని అడిగి జవాబు దాచుకోవడం. అపోస్టిల్‌కి గడువు ఉండదు, కానీ దాని కింద ఉన్న కాగితం ఈమధ్య తీసుకున్నదే కావాలని చాలా దేశాలు అంటాయి.

ఇక మన ఇళ్లల్లో బీరువాలోంచి తీసే కాగితాల పరిస్థితి. టెన్త్ మెమో రాగానే దాన్ని జాగ్రత్త చెయ్యాలని నాన్నలు చేసిన మొదటి పని లామినేషన్. ప్రేమతో చేసిందే, కానీ ప్లాస్టిక్ మీద సీల్ పడదు, సిరా నిలవదు, కాబట్టి లామినేట్ చేసిన ఒరిజినల్‌ని కౌంటర్‌లో తీసుకోరు. దాన్ని ఊడదీస్తారు అని చెప్పే షాపులున్నాయి, వేడి తగిలించి ఒక మూల నుంచి లాగుతుంటే మెమో మీది పై పొర, దాంతోపాటే హాల్ టికెట్ నంబర్ అక్షరాలు ప్లాస్టిక్‌తో కలిసి లేచిపోతాయి. అలా ప్రయోగం చెయ్యడం కంటే బోర్డు నుంచి డూప్లికేట్ తీసుకోవడమే మంచిది, టైం పట్టినా కాగితం చేతిలో ఉంటుంది. ఇప్పుడు పిల్లల సర్టిఫికెట్లు దాచేవాళ్లు దయచేసి ప్లాస్టిక్ ఫోల్డర్‌లో ఊరికే పెట్టండి, అతికించొద్దు.

పేర్ల తేడా ఇంకా పెద్ద గొడవ. తెలుగువాళ్లకి ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక, మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఓటర్ కార్డులో ఒక్క అక్షరం ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడిలో ఇంటిపేరు, కొందరికి ఆ గడి ఖాళీ. బెంగళూరులో పుట్టిన పిల్లలకైతే ఇక్కడి పద్ధతిలో తండ్రి పేరు ఇనీషియల్ అయి కూర్చుంటుంది. పెళ్లయ్యాక అమ్మాయి పాస్‌పోర్ట్‌లో భర్త ఇంటిపేరు, డిగ్రీలో పుట్టింటి పేరు. అపోస్టిల్ వేసేవాళ్లు ఈ తేడాలు సరిచెయ్యరు, ముందే అనుకున్నట్టు వాళ్లు చూసేది సంతకమే, కాబట్టి తప్పుతో సహా స్టిక్కర్ పడిపోయి అవతలి దేశంలో ఈ ఇద్దరూ ఒకరేనా అన్న ప్రశ్న దగ్గర ఆగిపోతుంది. ఇద్దరూ ఒకరే అని నోటరీ అఫిడవిట్ కొన్ని చోట్ల పనిచేస్తుంది, కొన్ని చోట్ల మూల కాగితమే మార్చుకుని రమ్మంటారు. అందుకే రాష్ట్రం మెట్టుకి పంపకముందే అన్ని కాగితాలూ పాస్‌పోర్ట్ పక్కన పెట్టి అక్షరం అక్షరం సరిపోల్చుకోవాలి.

బర్త్ సర్టిఫికెట్ విషయానికి వస్తే, ఊళ్లల్లో పుట్టిన పెద్దవాళ్లకి అసలు రిజిస్ట్రేషనే ఉండదు, టెన్త్ మెమోనే పుట్టిన తేదీకి రుజువు అయిపోయింది. కొందరికి రిజిస్టర్‌లో ఎంట్రీ ఉంటుంది కానీ పేరు గడి ఖాళీ, ఆడ శిశువు అని మాత్రమే. పేరు చేర్చుకోడానికి మామూలుగా 15 ఏళ్ల దాకా అవకాశం ఉంటుంది. అసలు ఎంట్రీ లేకపోతే ముందు రికార్డు లేదు అని నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్, తర్వాత ఏడాది దాటిన కేసు కాబట్టి మేజిస్ట్రేట్ ఆర్డర్, ఆ తర్వాతే రిజిస్ట్రేషన్. ఆఫర్ లెటర్ వచ్చాక మొదలుపెట్టే పని కాదు ఇది. పెళ్లి రిజిస్ట్రేషన్ ఇంకా చేయించుకోని జంటలకి మాత్రం ఒక సులువు ఉంది, ఊళ్లో పెళ్లయినా బెంగళూరులో నివాసం ఉంటే ఇక్కడి సబ్ రిజిస్ట్రార్ దగ్గరే హిందూ వివాహ చట్టం కింద రిజిస్టర్ చేసుకోవచ్చు, అప్పుడు ఆ సర్టిఫికెట్ కర్ణాటక కాగితం అవుతుంది, మెట్లన్నీ ఇక్కడే ఎక్కొచ్చు.

ఇదంతా ఇక్కడి నుంచి బయటికి వెళ్లే కాగితాల సంగతి. అటు నుంచి ఇటు వచ్చే కాగితాల్లో తెలుగు ఇళ్లకి బాగా తగిలేది పవర్ ఆఫ్ అటార్నీ. కొడుకు డల్లాస్‌లో, వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్ అమ్మాలి, సంతకాలు పెట్టేది ఇక్కడున్న నాన్న. కొడుకు అక్కడ నోటరీ ముందు సంతకం పెట్టి టెక్సస్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ ఆఫీసులో అపోస్టిల్ వేయించొచ్చు, లేదా ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించొచ్చు. న్యూయార్క్‌లో ఉంటే నోటరీ సంతకాన్ని ముందు కౌంటీ క్లర్క్ ధ్రువీకరించాలి, అక్కడా ఇదే మెట్ల లెక్క. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ నోటరీ, ఇండియన్ కాన్సుల్ ఇద్దరినీ గుర్తిస్తుంది, అయినా కొందరు సబ్ రిజిస్ట్రార్లు కాన్సులేట్ సీలే కావాలని పట్టుబడతారు, కాబట్టి డీడ్ ఏ ఆఫీసులో రిజిస్టర్ అవ్వాలో ఆ ఆఫీసులో నాన్నే వెళ్లి ముందు అడిగి రావాలి.

ఆ కాగితం ఇక్కడికి వచ్చాక కూడా పని మిగిలే ఉంటుంది. విదేశంలో సంతకమైన పత్రం ఇక్కడ అందిన రోజు నుంచి మూడు నెలల లోపు స్టాంప్ డ్యూటీ కట్టి స్టాంపు వేయించాలి, కేంద్ర స్టాంపు చట్టంలోనూ కర్ణాటక స్టాంపు చట్టంలోనూ 18వ సెక్షన్ ఇదే చెప్తుంది. డల్లాస్ నుంచి పవర్ ఆఫ్ అటార్నీ వచ్చింది కదా, కొనేవాడు దొరికినప్పుడు చూద్దాం అని బీరువాలో పెడితే ఆ మూడు నెలలు తెలీకుండా దాటిపోతాయి, ఆ తర్వాత పెనాల్టీ, లేదంటే అక్కడ మళ్లీ కొత్తగా రాయించడం. మూడు నెలలు లెక్కేసేది సంతకం పెట్టిన తేదీ నుంచి కాదు, ఇక్కడ చేతికి అందిన తేదీ నుంచి. అందుకే అది వచ్చిన కొరియర్ కవర్‌ని కూడా పారెయ్యకుండా పవర్ ఆఫ్ అటార్నీతో పాటే పిన్ చేసి ఉంచుకోవాలి, ఏ రోజు అందిందో చూపించడానికి ఆ కవర్ మీది తేదీయే పనికొస్తుంది.